‘విశ్వసనీయ వర్గాలు’ అని రాసే ముందు: పేరు చెప్పని సోర్సుతో పనిచేసే పద్ధతి

తెలుగు దినపత్రికల జిల్లా పేజీలు ఏ రోజువి తీసినా ‘విశ్వసనీయ వర్గాల సమాచారం’, ‘పార్టీలో జోరుగా చర్చ సాగుతోంది’, ‘భోగట్టా’ లాంటివి నాలుగైనా కనిపిస్తాయి. వాటిలో కొన్నిటి వెనక ఉద్యోగాన్ని పణంగా పెట్టి మాట్లాడిన మనిషి ఉంటాడు. మరికొన్నిటి వెనక టీ కొట్టు దగ్గర చెవిన పడ్డ మాట తప్ప ఏమీ ఉండదు. అచ్చులో రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి పాఠకుడు రెండింటినీ ఒకేలా అనుమానిస్తాడు. నష్టపోయేది మొదటి మనిషి.

మండల విలేకరికైనా బ్యూరో చీఫ్‌కైనా పనికొచ్చేలా ఈ పద్ధతిని ఒక ఊహా ఉదాహరణతో చెబుతాను. పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ సబ్ డివిజన్ కార్యాలయంలో పనిచేసే ఒక ఉద్యోగి మీకు ఫోన్ చేశారు. ఒక ఊళ్లో మూడు వందల మీటర్ల సీసీ రోడ్డు వేయకుండానే ఎం బుక్ (చేసిన పని కొలతలు నమోదు చేసే పుస్తకం) రాసేశారని, బిల్లు కూడా పైకి వెళ్లిపోయిందని చెప్పారు. చివర్లో ‘నా పేరు మాత్రం రానివ్వకండి సార్’ అన్నారు. ఇక్కడి నుంచి ఏం చేయాలి?

మొదటి అడుగు: ఆ పేరు వార్తకు అవసరమా?

ఫోన్ పెట్టేసి కాపీకి కూర్చోకండి. ఆయన చెప్పిన సంగతి కాగితంతో దొరుకుతుందేమో ముందు చూడండి. దొరికితే సోర్సు ప్రస్తావనే లేకుండా వార్త రాయవచ్చు. ఆయనకు మీరు ఇవ్వగలిగిన రక్షణల్లో అంతకు మించింది లేదు.

ఊరికి వెళ్లండి. రోడ్డు లేదంటే లేనట్టే, దానికి అజ్ఞాత అధికారి అక్కర్లేదు. వీధిలోవాళ్లు పేరుతోనే మాట్లాడతారు. ఉపాధి హామీ నిధులతో చూపిన పని అయితే జియోట్యాగ్ (తీసిన చోటు నమోదైన) ఫొటోల కోసం వెబ్‌సైట్‌లో వెతకండి, సామాజిక తనిఖీ నివేదిక చూడండి. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద పత్రాల నకళ్లే కాదు, పనినీ రికార్డులనూ స్వయంగా పరిశీలించే హక్కు, వాడిన సామగ్రి నమూనా తీసుకునే హక్కు కూడా ఉన్నాయి. ఎందుకు అడుగుతున్నారో చెప్పనక్కర్లేదు. జవాబుకు సాధారణ గడువు 30 రోజులు.

అయితే దరఖాస్తులో ఆ ఒక్క ఎం బుక్ నంబరు, ఆ ఒక్క పేజీ అడిగారా, మీ సోర్సు పని అయిపోయినట్టే. ఆ నంబరు బయటికి తెలిసే వీలు ఎంతమందికి ఉందో కార్యాలయంలో వేళ్లమీద లెక్కపెడతారు. మండలంలో ఏడాది మొత్తం జరిగిన సీసీ రోడ్ల జాబితా, ఎం బుక్ నకళ్లు అడగండి. ఖర్చు కాస్త ఎక్కువవుతుంది, కాగితాలు కట్టలుగా వస్తాయి. రానివ్వండి.

కాగితం దొరకని సంగతులూ ఉంటాయి. అప్పుడు అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ పాటించే మూడు కొలతలు పెట్టి చూడండి. ఆ మనిషి ఇచ్చేది సమాచారమై ఉండాలి, అభిప్రాయమో ఊహో కాకూడదు, పైగా అది లేకపోతే వార్తే లేదన్నంత ముఖ్యమై ఉండాలి. పేరు దాచితే తప్ప మరో దారిలో అది దొరకకూడదు. చెప్పే మనిషికి ఆ విషయం నేరుగా తెలిసే స్థానం ఉండాలి. ఈ కొలతలు పెడితే మన రాజకీయ పేజీల్లో ‘అసంతృప్తి సెగలు’ వార్తలు చాలావరకు ఆవిరైపోతాయి, అది వేరే సంగతి.

చట్టమే దాచమనే పేర్లను దీనితో కలపకండి. లైంగిక దాడి బాధితుల గుర్తింపు (భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్), పోక్సో కేసుల్లో పిల్లల గుర్తింపు మీరు మాట ఇచ్చినా ఇవ్వకపోయినా బయటపెట్టకూడదు.

రెండో అడుగు: మాటలకు ముందే షరతులు

‘ఆఫ్ ద రికార్డ్’ను ఒక్కొక్కరు ఒక్కో అర్థంలో వాడతారు. ఎమ్మెల్యే దృష్టిలో అది ‘రాయి, నా పేరు మాత్రం వద్దు’. తహసీల్దారు దృష్టిలో ‘అసలు రాయొద్దు’. అందుకే ఆ మాటను వదిలేసి సూటిగా అడగండి: ‘మీరు చెప్పింది రాయవచ్చా? రాస్తే మిమ్మల్ని ఏమని పేర్కొనాలి? మీ శాఖ పేరు వేయవచ్చా? మీ మాటలు మాటలుగా కోట్ చేయవచ్చా, సారాంశమే రాయాలా? మా ఎడిటర్‌కు మీ పేరు చెబుతాను, సరేనా?’ చివరి ప్రశ్నకు ఒప్పుకోకపోతే మాట ఇవ్వకండి.

ఈ బేరం సమాచారం చేతులు మారకముందే జరగాలి. గంటసేపు మాట్లాడి చివర్లో ‘ఇదంతా మన మధ్యనే’ అనడం రాజకీయ నాయకులకు అలవాటు. అనుభవం ఉన్న నాయకుడి విషయంలో మీరు దానికి కట్టుబడనక్కర్లేదు. కానీ మీడియాతో ఎప్పుడూ మాట్లాడని అంగన్‌వాడీ కార్యకర్తో గుమాస్తానో అలా అంటే ఒప్పుకోండి. వారికి ఆట నియమాలు తెలియవు, మీకు తెలుసు. ఇక పది మంది విలేకరులతో కలిసి కూర్చున్న ఇష్టాగోష్ఠిలో గోప్యత అనేదే ఉండదు. అక్కడ నాయకుడు చెప్పేది బయటికి రావాలనే చెబుతాడు. ఆ మాటలకు ‘సీనియర్ నేత ఒకరు’ అని ముసుగు తొడగడం ఆయన పనిని మీరు చేసిపెట్టడమే.

మాట ఇస్తే అది మీ ఒక్కరిది కాదు, పత్రికది. అమెరికాలోని మిన్నెసోటాలో 1982 ఎన్నికలప్పుడు డాన్ కోహెన్ అనే ప్రచారకర్త ప్రత్యర్థి పక్షం అభ్యర్థిపై పాత కోర్టు కాగితాలు విలేకరులకు ఇచ్చారు. పేరు వేయబోమని విలేకరులు మాట ఇచ్చారు. రెండు పత్రికల ఎడిటర్లు ఆ మాటను పక్కనపెట్టి పేరు వేశారు. అదే రోజు ఆయన ఉద్యోగం పోయింది. పత్రికా స్వేచ్ఛ పేరుతో ఆ బాధ్యత తప్పించుకోలేరని 1991లో అక్కడి సుప్రీంకోర్టు 5-4 తేడాతో చెప్పింది. చివరికి రెండు లక్షల డాలర్ల పరిహారం ఖరారైంది. అందుకే డెస్క్ నిలబెట్టలేని మాటను ఫీల్డులో ఇవ్వకూడదు.

సంభాషణ ముగిశాక నోట్సు మొదటి నుంచి చదువుతూ ‘ఈ ఒక్క వాక్యం మీ పేరుతో వాడుకోనా?’ అని అడిగి చూడండి. భయం తగ్గాక చాలామంది కొన్నిటికి ఒప్పుకుంటారు.

మూడో అడుగు: ఈయనకు ఎలా తెలుసు, ఎందుకు చెబుతున్నారు?

మన ఉదాహరణలోని ఉద్యోగి ఎం బుక్‌ను కళ్లారా చూశారా? బిల్లు ఫైలు ఆయన చేతుల మీదుగా వెళ్లిందా? క్యాంటీన్‌లో ఎవరో అంటే విన్నారా? ‘అందరికీ తెలిసిందే సార్’ అనే జవాబు వచ్చిందంటే ఆయనకు నేరుగా తెలియదని అర్థం.

ఆ తర్వాత ఉద్దేశం. బదిలీల సీజన్‌లో, ప్రమోషన్ జాబితా సిద్ధమవుతున్నప్పుడు, టెండరు దక్కని కాంట్రాక్టరు తిరుగుతున్నప్పుడు లీకులు ఎక్కువ వస్తాయి. ఉద్దేశం చెడ్డదైనంత మాత్రాన సమాచారం అబద్ధం కాదు. వాషింగ్టన్ పోస్ట్‌కు వాటర్‌గేట్ కుంభకోణంలో దారి చూపిన మార్క్ ఫెల్ట్, అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐలో రెండో స్థానంలో ఉండి, డైరెక్టర్ పదవి తనకు దక్కలేదన్న అసంతృప్తితో ఉన్నవారే. సమాచారం మాత్రం నిజం. కాబట్టి ఉద్దేశం తెలిసిందని సోర్సును వదిలేయకండి. ఆయన ఏ ముక్క చెప్పకుండా దాస్తున్నారో వెతకడానికి దాన్ని వాడుకోండి. కాంట్రాక్టరు పేరు చెప్పి, ఎం బుక్ మీద సంతకం పెట్టిన ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) పేరు చెప్పలేదంటే అది అడగాల్సిన ప్రశ్నే.

అధికారికంగా నాటిన లీకు అన్నిటికన్నా ప్రమాదం, ఎందుకంటే దానికి హోదా ఉంటుంది. బోఫోర్స్ శతఘ్నుల ముడుపుల కేసులో స్వీడన్ దర్యాప్తు అధికారి స్టెన్ లిండ్‌స్ట్రామ్ 2012లో మాట్లాడినప్పుడు, బచ్చన్ కుటుంబం పేరును స్వీడన్ పత్రికలోకి ఎక్కించింది భారత్ నుంచి వచ్చిన దర్యాప్తు అధికారులేనని చెప్పారు. దర్యాప్తు సంస్థ వాళ్లు చెప్పారు కదా అని రాస్తే ఏమవుతుందో చూడటానికి ఇంకో ఉదాహరణ అక్కర్లేదు.

నాలుగో అడుగు: ఎడిటర్‌కు చెప్పడం

పాఠకుడికి దాచిన పేరు ఎడిటర్‌కు దాచకూడదు. 1980లో వాషింగ్టన్ పోస్ట్‌లో జానెట్ కుక్ హెరాయిన్‌కు బానిసైన ఎనిమిదేళ్ల పిల్లవాడి గురించి రాసిన కథనం పులిట్జర్ బహుమతి దాకా వెళ్లింది. ఆ పిల్లవాడెవరో ఎడిటర్లలో ఒక్కరూ తెలుసుకోలేదు. మాదకద్రవ్యాల వర్తకుడి నుంచి తనకు ప్రాణభయం ఉందని ఆమె అంటే నమ్మారు. తీరా చూస్తే అలాంటి పిల్లవాడే లేడు. 1981 ఏప్రిల్‌లో బహుమతి తిరిగి ఇచ్చేశారు.

చెప్పాల్సింది ఒక్కరికి, మహా అయితే ఇద్దరికి, అదీ ముఖాముఖి. మన దగ్గర ఇక్కడే దారి తప్పుతుంది. కంట్రిబ్యూటర్ వార్తతోపాటు ‘ఫలానా డీఈ (డిప్యూటీ ఇంజినీర్) చెప్పాడు సార్’ అని ఎడిషన్ వాట్సాప్ గ్రూపులో పెడతాడు. ఆ గ్రూపులో ప్రకటనల విభాగం వాళ్లూ ఉంటారు, ఉద్యోగం మానేసి వేరే పత్రికలో చేరినవాళ్లూ ఉంటారు. సోర్సు పేరు గ్రూపులో, కాపీ అడుగున గమనికలో, మెయిల్ సబ్జెక్టులో ఎక్కడా ఉండకూడదు.

ఐదో అడుగు: నిర్ధారణ

ఎక్కువ సమయం పెట్టాల్సింది దీనికే. సోర్సు మాట మీకు దారి చూపిస్తుంది, అంతే. ఫెల్ట్ చేసింది ప్రధానంగా అదే: విలేకరులు వేరేచోట సంపాదించిన సంగతులు సరైనవో కావో చెప్పడం, ఎటు వెళ్లాలో సూచించడం. ఆయన మాటలను పేరు లేకుండా కూడా కోట్ చేయకూడదన్నది షరతు.

రెండో సోర్సు కావాలనే నియమం అందరికీ తెలుసు. ఆ ఇద్దరూ ఒకే మూడో మనిషి దగ్గర విని ఉంటే మీకున్నది ఒక్క సోర్సే. మన ఉదాహరణలో సబ్ డివిజన్ కార్యాలయ ఉద్యోగి, ఆయన స్నేహితుడైన డ్రాఫ్ట్స్‌మన్ ఇద్దరు కారు. బిల్లు చెల్లింపు వైపు నుంచి ఒకరు, సర్పంచో వార్డు సభ్యుడో ఒకరు అయితే ఇద్దరు.

నిర్ధారణ అడిగే తీరులోనూ గుంటలుంటాయి. 1972 అక్టోబరు 25న వాషింగ్టన్ పోస్ట్ వాటర్‌గేట్ మీదే ఒక వార్త వేసింది: అమెరికా అధ్యక్షుడు నిక్సన్ కుడిభుజం హాల్డెమన్ రహస్య నిధిని నడిపిన వారిలో ఒకరని, ఈ మాట ప్రచార కమిటీ మాజీ కోశాధికారి హ్యూ స్లోన్ గ్రాండ్ జ్యూరీ (అభియోగాలు మోపాలో వద్దో తేల్చే పౌరుల బృందం) ముందు చెప్పారని. నిర్ధారణ కోసం ఆ వార్త రాసినవారిలో ఒకరైన కార్ల్ బెర్న్‌స్టీన్ అమెరికా న్యాయశాఖ లాయర్ ఒకరికి ఫోన్ చేసి, ‘నేను పది లెక్కపెడతాను, వార్త తప్పయితే ఫోన్ పెట్టేయండి’ అన్నారు. అవతలి మనిషి పెట్టేయలేదు. నిజమేననుకున్నారు. ఆయనేమో సూచనను తిరగేసి అర్థం చేసుకున్నారు. హాల్డెమన్ ఆ నిధిని నడిపిన మాట నిజమే. కానీ గ్రాండ్ జ్యూరీ స్లోన్‌ను ఆ ప్రశ్నే అడగలేదు, ఆయన చెప్పనూ లేదు. శ్వేతసౌధం ఆ ఒక్క తప్పును పట్టుకుని మొత్తం పరిశోధననే అబద్ధమని కొట్టిపారేసింది.

కాబట్టి అవుననో కాదనో మౌనంతో చెప్పించుకోకండి. ‘రోడ్డు వేయలేదట కదా?’ అని కాకుండా, ‘ఆ రోడ్డు పని గురించి మీకేం తెలుసు, ఎలా తెలుసు?’ అని అడగండి. ప్రతి ముక్కనూ విడివిడిగా తేల్చుకోండి: రోడ్డు లేకపోవడం ఒక సంగతి, ఎం బుక్‌లో నమోదు కావడం మరొకటి, బిల్లు చెల్లింపు ఇంకొకటి. బిల్లు పైకి వెళ్లడం వేరు, డబ్బు పడటం వేరు.

ఆరో అడుగు: రాయడం

సోర్సు గురించి పాఠకుడికి ఎంత ఎక్కువ చెప్పగలిగితే అంత మంచిది, ఆయన దొరికిపోనంతవరకు. ‘విశ్వసనీయ వర్గాలు’ ఏమీ చెప్పదు. ‘సబ్ డివిజన్ కార్యాలయ ఉద్యోగి’ మరీ ఎక్కువ చెబుతుంది, అక్కడ ఉండేది గట్టిగా నలుగురు. ‘బిల్లుల ప్రక్రియ తెలిసిన పంచాయతీరాజ్ శాఖ ఉద్యోగి ఒకరు’ అంటే జిల్లాలో వందల్లో ఒకరు. పేరు ఎందుకు వేయలేదో ఒక చిన్న వాక్యంలో చెప్పండి: ‘మీడియాతో మాట్లాడితే శాఖాపరమైన చర్య తప్పదని ఆయన పేరు వెల్లడించలేదు’.

ఆ వాక్యంలో ‘ఆయన’ అవసరమా చూడండి. సెక్షన్‌లో ఒక్క మహిళే ఉంటే ‘ఆమె’ అన్నమాట ఆవిడ పేరు రాసినంత పనిచేస్తుంది. మన భాషలో ‘చెప్పారు’, ‘తెలిపారు’ స్త్రీపురుషులిద్దరికీ సరిపోతాయి, వాటితో నెట్టుకురండి. కోట్‌లో ఊతపదాలు, యాస అలాగే ఉంచితే కార్యాలయంలో చదివినవాళ్లు గొంతు గుర్తుపట్టేస్తారు.

దాచడం వేరు, తప్పుదారి పట్టించడం వేరు. పంచాయతీరాజ్ ఉద్యోగిని రెవెన్యూ ఉద్యోగిగా మార్చి రాయకూడదు. ఒక్కరు చెప్పినదాన్ని ‘అధికార వర్గాలు’ అని బహువచనం చేయకూడదు. తనే ఇచ్చిన సమాచారంపై అదే మనిషిని పేరుతో ‘ఈ విషయంపై స్పందించడానికి నిరాకరించారు’ అని రాయడం పచ్చి మోసం.

ఇంకొకటి: పేరు దాచుకున్న మనిషి నోట తిట్టు వేయకండి. ‘ఆ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్ పెద్ద అవినీతిపరుడని ఒక ఉద్యోగి అన్నారు’ అనేది వార్త కాదు. ఎవరినైనా నిందించాలంటే పేరు పెట్టుకుని నిందించాలి.

ఏడో అడుగు: అవతలి పక్షం

ఏఈని, డీఈని, కాంట్రాక్టరును వివరణ అడగాల్సిందే. రాత్రి పేజీ మూసే ముందు ఒక మిస్డ్ కాల్ ఇచ్చి ‘అందుబాటులోకి రాలేదు’ అని రాయడం అడగడం కాదు. ఊళ్లో రోడ్డు లేకపోవడం నుంచి ప్రశ్న మొదలుపెట్టండి, లోపలి సమాచారం నుంచి కాదు. అప్పుడు మీకు ఎలా తెలిసిందన్నదానికి జవాబు ఊళ్లోనే ఉంటుంది.

మీ దగ్గరున్న కాగితం ఫొటోను మాత్రం వారికి పంపకండి. 2017లో అమెరికాలో ది ఇంటర్‌సెప్ట్ అనే వార్తాసంస్థ తమకందిన రహస్య పత్రం అసలుదో కాదో తేల్చుకోవడానికి నకలును ప్రభుత్వానికి చూపింది. కాగితం మీది మడతలను బట్టి అది ప్రింట్ తీసిందని అధికారులు గుర్తించారు. ఎవరెవరు ప్రింట్ తీశారో చూస్తే ఆరుగురు తేలారు. వారిలో రియాలిటీ విన్నర్ అనే ఉద్యోగిని కార్యాలయ కంప్యూటర్ నుంచి ఆ వార్తాసంస్థకు గతంలో మెయిల్ పంపినట్టు కనిపించింది. కథనం వెలువడేలోపే ఆమె అరెస్టయ్యారు, మరుసటి ఏడాది 63 నెలల శిక్ష పడింది.

ఎనిమిదో అడుగు: ఆనవాళ్లు

మన కార్యాలయాల్లోనూ ఇ-ఆఫీస్ వచ్చాక ఫైలు ఎవరు తెరిచారో నమోదవుతుంది. జిరాక్సు కాగితం మీద ఇనీషియల్, ఇన్‌వర్డ్ ముద్ర, పెన్నుతో గీసిన గీత, మూల విరిగిన పేజీ, అన్నీ సాక్ష్యాలే. పత్రిక ముద్రించాల్సింది మీరు తిరగరాసుకున్న వివరాలను, పత్రం ఫొటోను కాదు. తప్పక వేయాలంటే అదే కాగితం ఇంకెన్ని చేతుల్లో ఉందో తెలుసుకున్నాకే. ఫోన్‌తో తీసిన ఫొటోలో తీసిన చోటు దాగి ఉండవచ్చు. 2012లో పరారీలో ఉన్న యాంటీవైరస్ సాఫ్ట్‌వేర్ వ్యాపారి జాన్ మెకాఫీ గ్వాటెమాలాలో ఉన్నట్టు బయటపడింది ఒక పత్రిక వేసిన అలాంటి ఫొటోతోనే.

వాట్సాప్‌లో మాటలు ఎన్‌క్రిప్షన్‌తో దాగినా, మీ ఇద్దరి ఫోన్లలో ఆ చాట్ ఉంటుంది. మామూలు కాల్ అయితే కాల్ డేటా రికార్డులో నంబర్లు, సమయం, టవర్ అన్నీ ఉంటాయి. మొదటి ఫోన్ తర్వాత కలిసే మాట్లాడండి. కలెక్టరేట్ ఎదుటి టీ కొట్టులో మాత్రం కాదు, అక్కడ అందరికీ మీరు తెలుసు. నోట్సులో సోర్సు పేరుకు బదులు మీకే అర్థమయ్యే గుర్తు పెట్టుకోండి.

తొమ్మిదో అడుగు: చట్టం ఎంతవరకు తోడుంటుంది?

కొంతవరకే. ప్రెస్ కౌన్సిల్ చట్టం (1978) 15(2) ప్రకారం సోర్సు చెప్పమని విలేకరిని బలవంతపెట్టకూడదు. అయితే అది కౌన్సిల్ విచారణలకే వర్తిస్తుంది. కోర్టుల్లోనూ రక్షణ ఉండేలా సాక్ష్య చట్టంలో 132ఎ సెక్షన్ చేర్చాలని లా కమిషన్ 1983లో 93వ నివేదికలో సిఫారసు చేసింది. అది చట్టంలోకి రాలేదు. సోర్సుల రక్షణ పత్రికా స్వేచ్ఛకు ప్రాథమిక షరతుల్లో ఒకటని పెగాసస్ నిఘా సాఫ్ట్‌వేర్ కేసులో సుప్రీంకోర్టు 2021 అక్టోబరు 27న చెప్పింది. ఈ మాట మీ లాయర్‌కు పనికొస్తుంది. స్టేషన్‌లో ఎస్సై ముందు ఎంత పనికొస్తుందో మీ ఊహకే వదిలేస్తున్నాను. పత్రాలు, ఫోన్లు హాజరుపరచమని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 94వ సెక్షన్ కింద సమన్లు రావచ్చు. 1923 నాటి అధికార రహస్యాల చట్టం రహస్యం ఇచ్చినవారినే కాదు, తీసుకున్నవారినీ పట్టుకుంటుంది.

పరువు నష్టం కేసు వస్తే అజ్ఞాత సోర్సు కోర్టుకు రారు. ‘నాకు ఒకరు చెప్పారు’ అనేది వాదన కాదు. నిజమని, ప్రజాహితమని నిరూపించాల్సింది మీరే. ఐదో అడుగులో కూడబెట్టిన కాగితాలు అప్పుడు అక్కరకొస్తాయి.

సోర్సుకు ఈ దేశంలో ఉన్న రక్షణ మరీ తక్కువ. జాతీయ రహదారుల పనుల్లో అక్రమాలపై ఇంజినీర్ సత్యేంద్ర దూబే 2002లో ప్రధాని కార్యాలయానికి రాస్తూ పేరు గోప్యంగా ఉంచమని కోరారు. లేఖ పేరుతో సహా శాఖల్లో తిరిగింది. 2003 నవంబరులో గయలో ఆయన హత్యకు గురయ్యారు. అది దోపిడీ హత్య అని సీబీఐ తేల్చినా, పేరు తిరగడం మాత్రం జరిగిన సంగతే. ఆ ఘటన తర్వాత ఊపందుకున్న డిమాండుతో 2014లో ప్రజావేగుల (అక్రమాలను బయటపెట్టేవారి) రక్షణ చట్టం వచ్చింది, అమల్లోకి తేలేదు. ‘మీకేం కాదు, చట్టం ఉంది’ అని సోర్సుకు ధైర్యం చెప్పకండి.

పదో అడుగు: అచ్చయ్యాక

వార్త వచ్చిన రోజే కార్యాలయంలో ‘ఎవడు చెప్పాడు?’ అన్న వేట మొదలవుతుంది. ఆ రోజు సోర్సుకు ఫోన్ చేయకండి, అభినందనగా కూడా. ‘చెప్పింది ఫలానా ఆయనేనా?’ అని ఎవరైనా అడిగితే కాదనకండి, అవుననకండి. ఒక పేరుకు కాదని చెబితే రెండో పేరుకు మౌనం జవాబైపోతుంది. అందరికీ ఒకే మాట: సోర్సుల గురించి మాట్లాడను.

వార్తలో తప్పు తేలితే సవరణ వేయండి, తప్పు ఎక్కడిదో మీ ఎడిటర్‌తో కలిసి వెతకండి. సోర్సు తెలిసీ అబద్ధం చెప్పారని రుజువైతే పేరు బయటపెట్టవచ్చా అన్నదానిపై పత్రికల మధ్య ఏకాభిప్రాయం లేదు. నా అభిప్రాయంలో ఆ షరతు కూడా మొదటి రోజే చెప్పి ఉంటేనే పెట్టవచ్చు. చెప్పి ఉండకపోతే ఆ మనిషితో మళ్లీ పనిచేయకపోవడమే మీ చేతిలో ఉన్న శిక్ష.

ఇచ్చిన మాటకు గడువు ఉండదు. సోర్సు రిటైరైనా, ఆ ప్రభుత్వం మారినా, మీరు పత్రిక మారినా అది అలాగే ఉంటుంది. విప్పే హక్కు సోర్సుదే. ఫెల్ట్ 2005లో తనే బయటికొచ్చి చెప్పేదాకా వాటర్‌గేట్ వార్తలు రాసిన బాబ్ వుడ్‌వర్డ్, బెర్న్‌స్టీన్ నోరు మెదపలేదు. బోఫోర్స్ పత్రాలు ఇచ్చింది తానేనని లిండ్‌స్ట్రామ్ 2012లో వెల్లడించేదాకా, అంటే పాతికేళ్లపాటు, ఆ కథనాలు రాసిన విలేకరి చిత్రా సుబ్రమణ్యం ఆ పేరు చెప్పలేదు.